ముక్కుకూ నోటికీ మధ్య గోడ

నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించండి. మెల్లగా వెనక్కి జరపండి. గట్టిగా తగులుతుంది గదా? అదే అంగిలి. నోటికి అది పైకప్పు. ముక్కుకు అది నేల.

జొన్నరొట్టె నములుతూనే మనం ఊపిరి పీలుస్తాం. పసిబిడ్డ పాలు తాగుతూనే ముక్కుతో గాలి తీసుకుంటుంది. ఈ గోడ ఉండబట్టే రెండు పనులూ సాగుతున్నాయి.

బల్లికి ఇట్లాంటి ఎముక గోడ లేదు. దాని ముక్కు రంధ్రాలు నోటి ముందు భాగంలోనే లోపలికి తెరుచుకుంటాయి. నోటి నిండా తిండి ఉంటే గాలి దారికి అడ్డం. అందుకని బల్లి తీరిగ్గా నమలదు. పురుగును పట్టి, నొక్కి, మింగేస్తుంది.

మరి ఈ గోడ ఎప్పుడు వచ్చింది? జవాబు పాత పుర్రెల్లో ఉంది. మన వీపనగండ్ల చుట్టూ ఉన్న బండల్లో అవి దొరకవు. మన బండలు ఎముకలున్న జంతువులు పుట్టకముందటివి. కానీ పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత, గోదావరి నదుల వైపు, ఎర్రని మట్టిరాయి పొరలు ఉన్నాయి. మలేరి అనే ఊరి పేరుతో వాటిని పిలుస్తారు. వాటి వయసు 20 కోట్ల ఏళ్లకు పైనే.

ఆ పొరల్లో ఒక జంతువు ఎముకలు దొరికాయి. శంకర్ ఛటర్జీ అనే శాస్త్రజ్ఞుడు 1982లో దానికి ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టాడు. నోరు తిరగని పేరే! కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గుర్తుగా పెట్టిన పేరు అది. ఇది ఆకులూ గడ్డలూ నమిలే జంతువు. బల్లి పళ్లు దాదాపు అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. దీనికి మాత్రం ముందు పళ్లు, కోరలు, దవడ పళ్లు వేరువేరు. నోటి పైన ఎముక అంగిలి కూడా ఉంది.

పాత పుస్తకాలు ఇట్లాంటి వాటిని పాలిచ్చే జంతువుల పోలికలున్న సరీసృపాలు అన్నాయి. ఇప్పటి శాస్త్రజ్ఞులు వీటిని బల్లుల వంశంలో కలపరు. మన వంశం వైపే చేర్చుతారు. మనకు నేరుగా తాత కాదు. తాతకు పాలివాడు అనుకోండి.

గోడ ఒక్కరోజులో కట్టింది కాదు. ఆఫ్రికాలో ఇంకా పాత పుర్రెలు దొరికాయి. ప్రొసైనోసుకస్ అనే జంతువువి. దాని నోట్లో రెండు వైపుల నుంచి ఎముక పలకలు లోపలికి పెరిగాయి, కానీ నడుమ కలవలేదు. సందు మిగిలింది. తరువాత వచ్చిన వాటిలో ఆ పలకలు కలిసిపోయాయి.

ఇక ముక్కు లోపలి సంగతి. మేక తలకాయ కొట్టినప్పుడు చూసే ఉంటారు. ముక్కులో కాగితమంత పల్చని ఎముకలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. లోపలికి పోయే గాలిని అవి వెచ్చబరుస్తాయి. బయటికి వచ్చే గాలిలోని తేమను పట్టి ఉంచుతాయి. అంత పల్చటివి కోట్ల ఏళ్లు నిలుస్తాయా? నిలవవు. కానీ కొన్ని పాత పుర్రెల ముక్కు గోడల మీద సన్నని గట్లు మిగిలాయి. ఆ చుట్టలు అతుక్కున్న చోట్లు అవేనని చాలామంది శాస్త్రజ్ఞుల ఆలోచన. అట్లయితే ఆ జంతువుల ఒళ్లు మనలాగే వెచ్చగా ఉండేదేమో.

తల్లి కడుపులో మన అంగిలి కూడా ఆ తీరుగానే తయారవుతుంది. రెండు పలకలు రెండు పక్కల నుంచి వచ్చి, మూడో నెల నిండేసరికి నడుమ కలుస్తాయి. కొందరు బిడ్డల్లో కలవవు. అది అంగిలి చీలిక. పెదవి కలవకపోతే గ్రహణం మొర్రి అంటాం. పేరులోనే గ్రహణం ఉంది, కారణంలో లేదు. గ్రహణం నాడు కూరగాయలు కోసిందని తిట్లు తిన్న కోడళ్లు ఎందరో! ఆ తల్లి చేసిన తప్పేమీ లేదు. కొంత వంశం నుంచి వస్తుంది. చాలాసార్లు ఫలానా కారణమని డాక్టర్లు కూడా చెప్పలేరు.

అంగిలి చీలిన బిడ్డకు పాలు చీకడానికి పట్టు దొరకదు. పాలు ముక్కులోంచి వస్తాయి. దీన్ని ఆపరేషన్‌తో సరిచేస్తారు. పెదవికి కొన్ని నెలల వయసులోనే, అంగిలికి మామూలుగా ఏడాదిన్నర లోపు చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం కూడా ఉంది. అంగన్‌వాడీ టీచరునో, నర్సమ్మనో అడగండి. అంతవరకు బిడ్డను పడుకోబెట్టి పాలు పట్టొద్దు. తల ఎత్తి, కూర్చున్నట్టు పట్టుకొని, కొద్దికొద్దిగా పట్టాలి.