డబ్బు కట్టాం.. గేమ్ ఏదీ?

'బై నౌ' బటన్ నొక్కారు. యూపీఐ పిన్ కొట్టారు. ఖాతాలోంచి రెండు మూడు వేలు కట్ అయ్యాయి. ఇక ఆ గేమ్ మీదే అనుకుంటున్నారా? కాదు. చాలా గేమ్‌ల విషయంలో మీ చేతికొచ్చేది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. దాన్ని కంపెనీ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని, మీరు చదవకుండా 'ఐ అగ్రీ' కొట్టేసిన ఆ పేజీల్లోనే ఎక్కడో రాసి ఉంటుంది. సర్వర్ ఆపేసిన రోజున గేమ్‌తోపాటు మీరు గెలిచిన లెవెల్స్, కొనుక్కున్న స్కిన్లు, వ్యాలెట్లో మిగిలిన కాయిన్లు.. అన్నీ పోతాయి.

ఈ గొడవకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిపెట్టిన గేమ్ 'ద క్రూ'. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో తెచ్చిన కార్ రేసింగ్ గేమ్ ఇది. అమెరికాను చిన్నది చేసి మ్యాప్‌గా పెట్టారు. ఈ కొస నుంచి ఆ కొసకు కారేసుకుని తిరగొచ్చు. ఒక్కరే కూర్చుని ఆడుకునే భాగం చాలానే ఉంది. కానీ ఒక్కరే ఆడినా సరే, కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ అయితేనే గేమ్ తెరుచుకుంటుంది. 2023 డిసెంబరులో దాన్ని స్టోర్ల నుంచి తీసేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతే, షాపులో డిస్క్ కొనుక్కున్నవాళ్ల దగ్గర మిగిలింది ప్లాస్టిక్ చక్రం!

డిస్క్ చేతిలో ఉండీ గేమ్ ఆడలేకపోవడం ఏంటి? ఈ ప్రశ్నతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టారు. ఆయన అడిగింది సర్వర్లు కలకాలం నడపమని కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ఆపేసేటప్పుడు, కొన్నవాళ్లు తమ దారిన తాము ఆడుకునేలా గేమ్‌ను వదిలి వెళ్లమన్నారు. యూరప్‌లో ఈ డిమాండ్‌తో పెట్టిన పౌరుల పిటిషన్‌కు 10 లక్షల సంతకాలు కావాల్సి ఉండగా, 2025 జులై చివరికి 14 లక్షలకు పైగా వచ్చాయి. బ్రిటన్‌లో లక్ష సంతకాలు దాటడంతో 2025 నవంబరులో పార్లమెంటులో చర్చే జరిగింది. చట్టం మార్చే ఆలోచన లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది, అది వేరే సంగతి.

కంపెనీల వాదన కూడా వినాలి. ఆటగాళ్లు తగ్గిపోయాక సర్వర్ ఖర్చు దండగ. ప్రైవేటు సర్వర్లకు వదిలేస్తే డేటా భద్రతకు, అసభ్య కంటెంట్‌కు ఎవరు బాధ్యులు? ఈ ప్రశ్నల్లో కొంత నిజముంది. అలాగని అసాధ్యమూ కాదు. 'నాకౌట్ సిటీ' గేమ్‌ను 2023 జూన్‌లో మూసేసినప్పుడు, దాన్ని తయారుచేసిన వెలాన్ స్టూడియోస్ పీసీ ప్లేయర్లు సొంతంగా సర్వర్ పెట్టుకునే వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చింది. అంతెందుకు, ఇంత గొడవ అయ్యాక యూబీసాఫ్టే 'ద క్రూ 2'కి ఆఫ్‌లైన్ ఆప్షన్ తెచ్చింది. మనసుంటే మార్గం దొరికినట్టే కదా!

డబ్బు తిరిగిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. గూగుల్ తన స్టేడియా సర్వీసును 2023 జనవరిలో ఆపేస్తూ, స్టోర్లో కొన్న గేమ్‌లకు డబ్బు వెనక్కి ఇచ్చింది. సోనీ 'కాన్‌కార్డ్' 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబరు 6కే మూతపడింది. పట్టుమని 2 వారాలు! కొన్నవాళ్లకు మొత్తం రీఫండ్ చేశారు. అయితే ఇవి కంపెనీలు తమంతట తాము తీసుకున్న నిర్ణయాలు. ఏళ్ల తరబడి నడిచిన గేమ్‌కు ఇలాంటి ఔదార్యం అరుదు.

అమెరికాలోని కాలిఫోర్నియా మాత్రం ఓ అడుగు వేసింది. డిజిటల్ వస్తువును అమ్ముతూ 'కొనండి' అనే మాట వాడితే, అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలన్న చట్టం 2025 జనవరి 1 నుంచి అక్కడ అమల్లో ఉంది. డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటర్నెట్ లేకుండా శాశ్వతంగా వాడుకోగలిగే వాటికి మినహాయింపు. స్టీమ్‌లో డబ్బు కట్టేముందు కనిపించే 'లైసెన్సు' లైను గమనించారా? ఆ చట్టంపై సంతకం పడిన కొద్ది రోజులకే అది వచ్చింది.

మరి మన దగ్గర?

మనవాళ్లకు ఈ దెబ్బ కొత్తకాదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌పై నిషేధం పడింది, అక్టోబరు 30న సర్వర్లు ఆగాయి. యూసీలు కొనుక్కున్నవాళ్లు బిక్కమొహం వేశారు. తర్వాత బీజీఎంఐ వచ్చి, పాత ఖాతాలోని సరంజామాను మార్చుకునే వీలిచ్చింది, అదీ గడువు పెట్టి. కాకపోతే అక్కడ ఆపించింది ప్రభుత్వం. కంపెనీ తనకు లాభం లేదని ఆపేయడం వేరు. మీరు నిలదీయగలిగేది ప్రధానంగా ఈ రెండో రకాన్నే.

గేమ్ మూసేస్తే ఏం చేయాలో చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. దాని కింద వచ్చిన 2020 ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి, ఇక్కడివాళ్లకు క్రమంగా అమ్మే విదేశీ కంపెనీలకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మెలిక ఎక్కడంటే, ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టం కిందికి రాదు. పైసా పెట్టకుండా ఆడిన గేమ్ పోయిందని కేసు వేయలేరు. డబ్బు పెట్టి పాస్ కొన్నారా, అప్పుడు లెక్క మారుతుంది.

ఇదే చట్టంలో పెద్దగా ఎవరూ వాడని అస్త్రం ఒకటుంది. సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే హక్కు ఒకరికే ఇచ్చే షరతును 'అన్యాయమైన ఒప్పందం' కింద చూస్తారు. దీన్ని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. గేమ్ కంపెనీల 'ఎప్పుడైనా ఆపేస్తాం' షరతు దీనికి సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. నష్టం వస్తోందన్నది సరైన కారణమేనని కంపెనీ వాదిస్తుంది, తేల్చాల్సింది కమిషనే. సేవాలోపం, రీఫండ్ లాంటివైతే జిల్లా కమిషన్ చాలు. మీరుండే ఊరి పరిధిలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు.

అంతదాకా వెళ్లేముందు 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, ఖర్చు లేదు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే కేసు దాఖలు చేసుకోవచ్చు.

కానీ చేతిలో ఆధారం ఉండాలి. మూసివేత ప్రకటన రాగానే మీ వ్యాలెట్ బ్యాలెన్సు, కొన్న ఐటెమ్‌లు, ఆ ప్రకటన.. మూడింటికీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. సర్వర్ ఆగాక లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. పేమెంట్ మెయిల్స్ డిలీట్ చేయొద్దు. నాన్నగారి కార్డుతో కట్టి ఉంటే ఆ స్టేట్‌మెంట్ కూడా తీయాల్సిందే, తిట్లు తప్పవు మరి! ఇటీవలే కొన్నారా? స్టీమ్‌లో 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే రీఫండ్ అడగొచ్చు. ఇక కొత్తగా కొనేటప్పుడు, ఒక్కరే ఆడే గేమ్‌కు కూడా 'ఇంటర్నెట్ తప్పనిసరి' అని రాసుందేమో చూడండి. అలా ఉంటే, అదే ధరకు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇచ్చే జీఓజీ లాంటి స్టోర్లో ఏముందో ఓసారి వెతకండి.