కొత్త కంప్యూటర్‌లో వేడిమి

విడిభాగాలు కొని స్వయంగా కంప్యూటర్‌ను అమర్చుకోవడం మన విద్యార్థులకు కొత్త కాదు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ప్రాసెసర్, మదర్‌బోర్డు, క్యాబినెట్ మొదలైనవి కొని ఇంటికి తెచ్చి, ఒక సెలవురోజున కూర్చొని బిగించుకొంటారు. మీట నొక్కగానే తెర వెలుగుతుంది. ఆ సంతోషం తీరకముందే ఫ్యాను హోరెత్తుతుంది. బయాస్ తెరపై ప్రాసెసర్ ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్ అని కనిపిస్తుంది. ఏ పనీ అప్పగించకుండానే ఇంత వేడి ఎక్కడిది? దుకాణదారు పనికిరాని ప్రాసెసర్‌ను అంటగట్టాడన్న అనుమానం మొదట కలుగుతుంది. ఆ అనుమానం నిజమయ్యేది చాలా అరుదు. దోషం సాధారణంగా ప్రాసెసర్‌లో కాక, అందులో పుట్టిన వేడి బయటి గాలిని చేరే దారిలో ఉంటుంది.

ప్రాసెసర్ గ్రహించిన విద్యుత్తు దాదాపు అంతా ఉష్ణంగానే మారుతుంది. వెలుగుతున్న 60 వాట్ల పాతకాలపు బల్బును తాకితే చేయి కాలుతుంది. సాధారణ ప్రాసెసర్లు పని ఒత్తిడిలో 65 నుండి 125 వాట్లు, కొన్ని అంతకు మించి వాడుకొంటాయి. అంతటి వేడీ తపాలా బిళ్లంత సిలికాన్ పలకలో పుడుతుంది. అక్కడి నుండి అది ప్రాసెసర్‌పై ఉన్న లోహపు మూతలోకి, దానిపై బిగించిన హీట్‌సింక్‌లోకి, ఫ్యాను విసిరే గాలిలోకి, చివరకు గదిలోకి పోవాలి. ఈ దారిలో ఎక్కడ ఆటంకం కలిగినా వేడి వెనుకకు నిలిచిపోతుంది.

2001లో జరిగిన ఒక ప్రసిద్ధ పరీక్షలో, పనిచేస్తున్న ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌ను తొలగించగా అది క్షణాలలో కాలిపోయింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకొని ప్రాణం నిలుపుకొంది. నేటి ప్రాసెసర్లన్నింటిలోనూ అటువంటి ఆత్మరక్షణ ఏర్పాటు ఉంది. అందువల్ల ఇప్పుడు వేడి ప్రాసెసర్‌ను కాల్చివేయడం అరుదు. అయితే వేలకు వేలు పోసి కొన్న వేగాన్ని అది చడీచప్పుడు లేకుండా హరిస్తుంది.

అంకెను చూసి భయపడటంకంటె, ఆ అంకె ఎంత త్వరగా పెరిగిందో గమనించడం మేలు. 2022లో వచ్చిన రైజెన్ 7000 శ్రేణిలోని పెద్ద ప్రాసెసర్లు భారీ పనిలో 95 డిగ్రీల వరకు పోయేటట్లు తయారీదారులే రూపొందించారు. అది రోగం కాదు. పని ఆరంభించిన రెండు మూడు సెకన్లలోనే ఉష్ణోగ్రత 90 దాటి, పని ఆపగానే అంతే వేగంగా పడిపోతే, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య సంపర్కం సరిగా లేదని ముందుగా అనుమానించాలి. పది పదిహేను నిమిషాలపాటు మెల్లమెల్లగా ఎగబాకితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదని భావించవచ్చు.

కంటికి నున్నగా కనిపించే లోహతలాలు నిజానికి ఎగుడుదిగుళ్లతో నిండి ఉంటాయి. రెండింటినీ ఆనించినప్పుడు సందులలో గాలి చిక్కుకొంటుంది. రాగితో పోలిస్తే గాలి ఉష్ణాన్ని ప్రసరింపజేసే శక్తి సుమారు పదిహేను వేల వంతులు తక్కువ. ఆ గాలిని తొలగించడానికే థర్మల్ పేస్టు పూస్తారు. మధ్యలో బఠాణీ గింజంత ఉంచితే చాలు, బిగించినప్పుడు అదే పరుచుకొంటుంది. పేస్టు పూయడం మరచిపోయేవారు కొందరు. అంతకంటె విచిత్రమైన పొరపాటు మరొకటి ఉంది. హీట్‌సింక్ అడుగున అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించివేస్తారు. తొలగించవలసిందని దానిమీదే రాసి ఉన్నా, అమర్చే ఉత్సాహంలో ఎవరు చదువుతారు!

బిగింపు కూడా ముఖ్యమే. నాలుగు ప్లాస్టిక్ కొక్కేలుగల హీట్‌సింక్‌లలో ఒక్కటి పూర్తిగా దిగకపోయినా అది ఒక పక్కకు లేచి ఉంటుంది. మదర్‌బోర్డు వెనుకవైపు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మరలున్నచోట కారు చక్రానికి బిగించినట్లు ఎదురెదురు మూలలను కొద్దికొద్దిగా బిగించుకొంటూ రావాలి. హీట్‌సింక్‌ను ఒకసారి పైకెత్తితే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూయాలి. ఎత్తేముందు మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. గట్టిగా లాగితే, పేస్టు అంటుకొన్న కొన్ని రకాల ప్రాసెసర్లు సాకెట్ నుండి ఊడివచ్చి కాళ్లు వంగిపోతాయి. అప్పటివరకు లేని నష్టం అక్కడ నిజంగా కలుగుతుంది. అలా వంగినవాటికి సాధారణంగా వారంటీ వర్తించదు.

సంపర్కం బాగున్నదని తేలితే, క్యాబినెట్ పక్క తలుపు తీసి చూడాలి. ఉష్ణోగ్రత బాగా తగ్గితే లోపలి గాలికి దారి లేదన్నమాట. ముందు ఫ్యాను గాలిని లోనికి పీల్చి, వెనుక ఫ్యాను బయటికి తోయాలి. రెండూ ఒకే పని చేస్తుంటే గాలి ప్రవాహం దెబ్బతింటుంది. ఫ్యాను వెనుక ఆధారపు కడ్డీలున్న వైపునుండి గాలి వెలువడుతుంది.

కొన్నిసార్లు తప్పు బయాస్ అమరికలలో ఉంటుంది. కొన్ని మదర్‌బోర్డులు వేగంకోసం తయారీదారు సూచించిన పరిమితికి మించి ప్రాసెసర్‌కు విద్యుత్తును అందిస్తాయి. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీ వల్ల అస్థిరంగా మారుతున్నాయని 2024లో ఆ సంస్థే అంగీకరించి, దిద్దుబాటు మైక్రోకోడ్ విడుదల చేసింది. కనుక బయాస్‌ను తాజా రూపానికి మార్చి, విద్యుత్ పరిమితులను తయారీదారు సూచించినట్లు ఉంచడం మంచిది.

చివరగా గది సంగతి. ఫ్యానుతో పనిచేసే ఏ హీట్‌సింక్ అయినా ప్రాసెసర్‌ను గదిగాలికంటె చల్లగా ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో 65 చూపే కంప్యూటర్, రామగుండం ఎండాకాలంలో గది 40కి చేరినప్పుడు అదే పనికి సుమారు 80 చూపుతుంది. యంత్రం మారలేదు, ఋతువు మారింది. అందుకే ఉష్ణోగ్రతను రాసుకొనేటప్పుడు పక్కనే గది ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి. ఇన్ని పరీక్షల తరువాత కూడా వేడి తగ్గకపోతే, ఆ కాగితంతో దుకాణానికి వెళ్లి మరొక ప్రాసెసర్ వేసి చూడమని అడగవచ్చు.