ఫ్లాష్‌బ్యాక్ పెట్టని నవల

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలకు కూచున్నప్పుడు 'చివరకు మిగిలేది' మాటెత్తితే ఎవరో ఒకరు అంటారు: "సావిత్రిగారితో తీసేశారు కదండీ!" తీశారు. కానీ బుచ్చిబాబు నవలని కాదు. 1960లో గుత్తా రామినీడు తీసిన ఆ సినిమా, అంతకు ముందేడు సుచిత్రాసేన్ నటించిన బెంగాలీ చిత్రం 'దీప్ జ్వెలె జాయ్'కి తెలుగు రూపం. ప్రేమ నటించి మతిచెడిన రోగుల్ని మామూలు మనుషుల్ని చేసే నర్సు, చివరికి తనే అదే ఆసుపత్రిలో రోగి అవుతుంది. హిందీలో 1969లో 'ఖామోషీ' అయిందీ ఆ కథే. నవలతో దానికున్న చుట్టరికం పేరొక్కటే.

నవల అంతకన్నా పాతది. 1946-47లో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వచ్చింది. బుచ్చిబాబు, అంటే ఏలూరులో పుట్టిన శివరాజు వెంకటసుబ్బారావు, ఆకాశవాణిలో పనిచేశారు. పగలంతా మాటలతో నడిచే కొలువు. రాసిందేమో నోరు పెగలని మనిషి కథ.

దయానిధి వైద్యం చదువుకున్నవాడు. తల్లి కాత్యాయని నడవడి గురించి ఊరు చెవులు కొరుక్కుంటుంది. ఆవిడ పోయినా ఆ గుసగుస పోదు. అతను ఎక్కడికెళ్తే అక్కడికి ముందుగా వెళ్ళి కూచుంటుంది. పెళ్ళయినా కాపురం నిలవదు. అమృతం, కోమలి, ఇందిర... ఎవరి దగ్గరా మనసు విప్పలేడు. రాయలసీమ వెళ్తాడు, వజ్రం దొరికి డబ్బొస్తుంది, ఆసుపత్రి కడతాడు. గతం అక్కడికీ వస్తుంది. ఒక ప్రకరణానికి రచయిత 'కాత్యాయని సంతతి' అని పేరు పెట్టాడు. ఇంత చదివినా, ఇంత సంపాదించినా, లోకం దృష్టిలో అతనింకా ఆవిడ కొడుకే.

నేను డైలాగ్ వెర్షన్లు రాసి బతికేవాణ్ణి. మా దగ్గర పాత్రకి బాధ ఉంటే అది నోటితో చెప్పాల్సిందే. వాన పడాలి, హీరో మోకాళ్ళ మీద కూలబడాలి, అరపేజీ డైలాగ్ పడాలి. అప్పుడే సీను పండిందంటారు. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో ఓసారి ఈ నవల లైను చెప్పాను. ఆయన ఫోను బోర్లా పెట్టి శ్రద్ధగానే విన్నాడు.

"మదర్ ఎపిసోడ్ ఎక్కడొస్తుంది? ఇంటర్వెల్‌కి ముందా, తర్వాతా?"

"ఆవిడేం చేసిందో సీను ఉండదు సార్."

"మరి ఆడియన్స్ ఎవర్ని క్షమించాలయ్యా?"

లైను అక్కడే ఆగిపోయింది కానీ, ఆయన అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఫ్లాష్‌బ్యాక్ పెడితే జరిగేది అదే. చూసేవాళ్ళు న్యాయమూర్తులైపోతారు. పాపం, తప్పలేదనో, ఇంత పని చేసిందా అనో తీర్పు చెప్పి ఇంటికెళ్తారు. ఊరు చేసిన పనీ అదేగా! బుచ్చిబాబు మనకా కుర్చీ వెయ్యలేదు. కాత్యాయని తప్పు మనకి జనం నోట వచ్చే మాటల్లోంచి, కొడుకు కలతలోంచి మాత్రమే తెలుస్తుంది. దయానిధికెంత తెలుసో, ఎంత ఊహించుకుంటున్నాడో మనం తేల్చుకోలేం. అతనూ తేల్చుకోలేడు. గాయమంటే సంఘటన ఒక్కటే కాదు, దాని గురించి ఎవరూ ఎదురుగా మాట్లాడకపోవడం కూడా.

మొదటి ప్రపంచయుద్ధంలో ఒంటిమీద దెబ్బ లేకుండానే మాట పడిపోయిన సైనికుల్ని యూరప్‌లో వైద్యులు చూశారు. వాళ్ళకి వార్డు ఉంది, జబ్బుకి పేరు ఉంది. సినిమాలో సావిత్రి పాత్రకీ మంచం ఉంది. దయానిధి తనే డాక్టరు, తనే ఆసుపత్రి కట్టాడు. అందులో అతనికి మంచం లేదు.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూడకండి. నవలలో జగన్నాథం అనే పాత్ర చెప్పే కబుర్లకి నవ్వుకోండి, దయానిధి ఆలోచనలు సాగినంత దూరం సాగనివ్వండి. అసలేం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రం మీలోనూ పుడుతుంది. ఆ ఆత్రమే ఆ ఊరివాళ్ళది కూడా.