పుస్తకము మూసిన పిమ్మట
(శరీరశాస్త్ర పరీక్షకు సిద్ధపడు సోదరీమణులకు)



పిల్లలు పెద్దవారై తమ దారులు తాము చూచుకొనిన పిమ్మట మరల పుస్తకము చేతబట్టు స్త్రీలు నేడు మనలో ననేకులు కలరు. కొందఱు యోగశిక్షకురాండ్రగుటకును, కొందఱు మర్దనవిద్యకును, మఱికొందఱు అరోమాథెరపీ యను సుగంధతైల చికిత్సకును, రిఫ్లెక్సాలజీ యను పాదచికిత్సకును శిక్షణ పొందుచున్నారు. ఇవి వైద్యునకు బదులు నిలుచునవి కావు. వైద్యమునకు తోడుగా నుండునవి. చేతిపని చక్కగా నబ్బిన స్త్రీలును ఈ శిక్షణలలో నొకచోట తడబడుదురు. అదియే శరీరనిర్మాణ శాస్త్రము, శరీరధర్మ శాస్త్రము అను పరీక్ష.

నేనును నలువది మూడవ యేట నట్టి పరీక్షకు గూర్చుండి తప్పితిని. మీకు మేలగునని యా సంగతి సిగ్గు విడిచి చెప్పుచున్నాను.

మూడు నెలలు తెల్లవారుజామున లేచి పాఠ్యపుస్తకమును మొదటి నుండి తుది వఱకు నాలుగు మాఱులు చదివితిని. ముఖ్యమని తోచిన పంక్తుల క్రింద ఎఱ్ఱగీతలు గీచితిని. తుదకు గీత లేని పంక్తియే లేకపోయెను. పుట తెఱచినచో నంతయు తెలిసినట్లే యుండెడిది. పరీక్షలో నొక ప్రశ్న వచ్చినది: “ఒకామెకు ఒక కాలి పిక్క మాత్రము వాచి, ఎఱ్ఱబడి, వేడిగానుండి, నొప్పి పెట్టుచున్నది. మర్దన చేయవచ్చునా? కారణము వ్రాయుము.” పిక్కలోని కండరముల పేళ్లు నాకు వచ్చును. సిరల పేళ్లును వచ్చును. హృదయము యొక్క పటము పుస్తకములో నే పుటయం దున్నదో కూడ చెప్పగలను. కాని యీ ప్రశ్నకు సమాధానము మాత్రము తోచలేదు. “నొప్పి తగ్గుటకు మెల్లగా మర్దన చేయవలెను” అని వ్రాసి యింటికి వచ్చితిని.

ఆ సమాధానము మార్కులు పోగొట్టునది మాత్రమే కాదు, ప్రాణము పోగొట్టగలది. అది యెట్లో ముందు చెప్పెదను. నా తప్పు చదువకపోవుటలో లేదు. చదివిన తీరులో నున్నది.

చదువుట వేఱు, తలచుకొనుట వేఱు

2006వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో రోడిగర్, కార్పికీ అను పండితు లిరువురు ఒక పరిశోధనను ప్రకటించిరి. విద్యార్థులకు చిన్న పాఠములిచ్చి, ఒక పాఠమును మరల చదువుమనిరి. వేఱొక పాఠమును చదివిన వెనుక కాగితము తీసివైచి జ్ఞాపకమున్నంత వ్రాయుమనిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా, మరల చదివిన పాఠమున నూటికి 81 పాళ్లును, తలచుకొని వ్రాసిన పాఠమున 75 పాళ్లును జ్ఞాపకముండెను. ఒక వారము గడచిన పిదప ఫలము తాఱుమాఱయ్యెను: మరల చదివినదానిలో 42 పాళ్లు, తలచుకొని వ్రాసినదానిలో 56 పాళ్లు మిగిలెను. మరల మరల చదువుటవలన “నాకు వచ్చు”నను ధైర్యము మాత్రము త్వరగా కలుగును; విద్య నిలువదు.

ఇది మనవారికి క్రొత్తమాట గాదు. అవధానసభ చూచినవారికి తెలియును. అష్టావధాని యెన్ని చిక్కుల నడుమ పద్యములు పూరించినను, చివర ధారణ చేసి వినిపించిన గాని సభ మెచ్చదు. మన పరీక్షయు ధారణమే. కావున ధారణము నభ్యసింపవలెను గాని పఠనమును మాత్రమే కాదు. ఒక ప్రకరణము నొక్కమాఱు శ్రద్ధగా చదివి, పుస్తకము మూసి, తెలిసినంత వ్రాయుడు. తోచనిచోట కొంతసేపు తడుముకొనుడు. ఆ తడుముకొనుటయే మేలు చేయునది. ఆ పిమ్మట పుస్తకము తెఱచి, మఱచినదానిని సరిచూచుకొనుడు.

హృదయమును ముగ్గుగా పెట్టుడు

మనము ముగ్గును పుస్తకము చూచి పెట్టము, చేతికి వచ్చియుండును. హృదయమును గూడ నట్లే చేతికి తెచ్చుకొనవలెను. నేను రెండవమాఱు పరీక్షకు సిద్ధపడునపుడు పెరటిలో ప్రతిదినము ముగ్గుపిండితో నాలుగు గదుల హృదయమును వేసితిని. పటమనగా మనకెదురుగా నిలిచిన మనిషి. కావున నతని కుడిగదులు మన యెడమచేతి వైపున నుండును. ఈ చిన్నమాట మఱచి తప్పులు వ్రాయువారు పెక్కుమంది.

త్రోవ యిట్లు నడచును. శరీరమునుండి వచ్చు రక్తము బృహత్సిరల గుండ కుడికర్ణికలో ప్రవేశించును. అటనుండి కుడిజఠరికకు, పుపుసధమని ద్వారా ఊపిరితిత్తులకు పోవును. ప్రాణవాయువును గ్రహించి పుపుససిరల గుండ ఎడమకర్ణికకు వచ్చి, ఎడమజఠరికలో దిగి, బృహద్ధమని ద్వారా శరీరమంతట వ్యాపించును. జ్ఞాపకమున్నంత తెల్లముగ్గుతో వేసి, మఱచినచోట పుస్తకము చూచి రంగుముగ్గుతో పూరించుడు. మఱునాడు రంగు పడిన చోటినుండియే మొదలిడుడు. రంగు అక్కఱలేని దినము వచ్చినపుడు ఆ పాఠము మీదైనట్లు.

పేళ్లు గుర్తుంచుకొను నుపాయము

వెన్నుపూసల లెక్క నాకు కుదిరెడిది కాదు. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5. దీనికి మన పంచాంగమే చాలును: వారములు ఏడు, మాసములు పండ్రెండు, పంచాంగమునకు అంగములు అయిదు. పైనుండి క్రిందికి వారము, మాసము, పంచాంగము అనుకొన్నచో లెక్క తప్పదు. పెద్దవారి శరీరమున ఎముకలు 206 అని యందఱు వల్లింతురు. ఒక్కొక్క చేతిలో 27, ఒక్కొక్క పాదములో 26 కలవు. రెండు చేతులు, రెండు పాదములు కలిపిన 106, అనగా సగము కంటె నెక్కువ. చేతులతో పాదములకు చికిత్స చేయగోరు వారికి దీనికంటె వేఱు గుర్తేల?

పరీక్షలో పేళ్లు ఆంగ్లమునకు చెందినవో, లాటిను, గ్రీకు భాషలకు చెందినవో యుండి భయపెట్టును. ఆ పేళ్ల తునకలను తెలిసికొనుడు. ఆస్టియో యన ఎముక, మయో యన కండరము, ఆర్థ్రో యన కీలు, ఐటిస్ అని చివరనున్న తాపమును వాపును తెలుపును. ఆర్థ్రైటిస్ అన నేమో యిక నెవ్వరును చెప్పనక్కఱలేదు.

మీ దేహమే పుస్తకము

శరీరధర్మ శాస్త్రము కంఠస్థమున కొదుగదు, “ఎట్లు? ఏల?” అని యడుగును. దీనికి మీ దేహమునే యడుగుడు. బొటనవ్రేలి వైపున మణికట్టుపై మూడు వ్రేళ్లుంచి నాడిని నిమిషము లెక్కింపుడు. డాబా మెట్లెక్కి వచ్చి మరల లెక్కింపుడు. ఎక్కువైన దేలయో మీ మాటలలో చెప్పుడు. గాలి పీల్చునపుడు పొట్టపై చేయి యుంచుడు. విభాజకపటలము క్రిందికి దిగుటచేతనే చేయి పైకి లేచుచున్నదని తెలియును. ముంజేయి మడచుచు ద్విశిరస్కకండరము బిగియుటను, చాచుచు త్రిశిరస్కకండరము బిగియుటను తాకి చూడుడు.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628వ సంవత్సరమున రక్తప్రసరణమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించినపుడు, సిరలలో కవాటములు పనిచేయు తీరును మనుష్యుని ముంజేతి మీదనే చూపెను. మీరును చేయి క్రిందికి వ్రేలాడవిడువుడు. ఉబ్బిన సిరపై నొకచోట వ్రేలితో నొక్కిపట్టి, రెండవ వ్రేలితో మోచేతి వైపునకు రాయుడు. సిర ఖాళీయగును. పైవ్రేలు తీసినను రక్తము వెనుకకు దిగదు, కవాటము అడ్డుపడుచున్నది. క్రిందివ్రేలు తీసిన వెంటనే నిండును. సిరలలో రక్తము హృదయము వైపునకే పోవునని వేయిమాఱులు చదివిన దానికంటె నిది గట్టిగ నాటును.

పోపులపెట్టె పద్ధతి

జర్మనీ దేశస్థుడగు ఎబ్బింగ్‌హౌస్ 1885వ సంవత్సరమున తన జ్ఞాపకమును తానే పరీక్షించుకొని, నేర్చినది మొదట వేగముగను, పిదప మెల్లగను మఱపునకు వచ్చునని చూపెను. కావున మఱచుటకు ముందు మరల తలచుకొనవలెను. ఆ యెడమును క్రమముగా పెంచవలెను. లైట్నర్ అను నతడు 1972వ సంవత్సరమున దీనికై గదుల పెట్టె నొకదానిని సూచించెను. మన యింట పోపులపెట్టె కలదు గదా! పాత శుభలేఖలను చిన్నముక్కలుగా కత్తిరించి, ఒకవైపు ప్రశ్న, రెండవవైపు సమాధానము వ్రాయుడు. అన్నియు మొదటి గిన్నెలో వేయుడు. సమాధానము వచ్చిన ముక్కను తరువాతి గిన్నెలో నుంచుడు. రానిది యే గిన్నెలో నున్నను మొదటిదానికే తిరిగి రావలెను. మొదటి గిన్నె ప్రతిదినము, రెండవది దినము విడిచి దినము, మూడవది నాలుగు దినముల కొకమాఱు, నాలుగవది వారమునకు, అయిదవది పక్షమునకు చూడుడు. అన్నము ఉడుకులోపల పదిముక్కలు చూడవచ్చును. గంటల కొలది తెరపి దొరకలేదని విచారింప బనిలేదు. ఒక్కదినమున నాలుగు గంటలు కూర్చుండుట కంటె, ఎనిమిది దినములు అరగంట చొప్పున కూర్చుండుట మేలు.

వారమున కొకనాడు గడియారము ముందుంచుకొని పాత ప్రశ్నపత్రమునకు సమాధానములు వ్రాయుడు. ఇంటిలో నెవరికైన పాఠము చెప్పుడు. నేను మా అత్తగారికి జీర్ణకోశమును గూర్చి చెప్పుచుండగా ఆమె, “పైత్యరసము ఎచ్చట పుట్టునే?” అని యడిగెను. పిత్తాశయమని చెప్పి, పుస్తకము తెఱచి చూడగా, పుట్టునది కాలేయమునందు, నిలువయుండునది మాత్రమే పిత్తాశయమునందు! ఆ తప్పు పరీక్షలో గాక వంటయింటిలో బయటపడినది. పరీక్షకు ముందటి రాత్రి మాత్రము మేలుకొనవలదు. నేర్చినది మనస్సునందు కుదురుకొనుటకు నిద్ర తోడ్పడును.

ఆ ప్రశ్నకు సమాధానము

ఒక పిక్క మాత్రమే వాచి, వేడియై, నొప్పియున్నచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. కారణము వేఱైనను కావచ్చును. అది వైద్యుడు నిర్ణయింపవలసినది. మర్దన చేసినచో ఆ గడ్డలో తునక విడివడి పైకి పోవచ్చును. పెరటిలోని ముగ్గును తలచుకొనుడు. పిక్కనుండి కుడికర్ణిక వఱకు సిరల దారి వెడల్పగుచునే పోవును, అడ్డులేదు. కుడిజఠరిక దాటి పుపుసధమనిలో పడిన తరువాత దారి శాఖలై యిఱుకగును. తునక తగులుకొనునది అచ్చటనే, ఊపిరితిత్తులలో. అందుచే ప్రాణాపాయము కలుగవచ్చును. పేళ్లన్నియు వచ్చియు నేను చెప్పలేకపోయిన సమాధానమిదియే.

రెండవమాఱు నేను ఉత్తీర్ణురాలనైతిని. మఱుసటి యేడు మా ప్రక్కయింటి పిన్నిగారు దూరపు రైలుప్రయాణము చేసివచ్చి, “అమ్మాయీ, కాలు పీకుచున్నది. కొంచెము నూనె రాచి పట్టవే” అనిరి. నూనెగిన్నె చేతిలోనికి తీసికొంటిని. చీర కొంచెము పైకి తీసి చూడగా ఒక పిక్క వాచియున్నది, రెండవది లేదు. తాకిన వేడిగానున్నది. గిన్నె మూత తీయలేదు. “పిన్నిగారూ, దీనిని నేను పట్టరాదు. ఇప్పుడే ఆసుపత్రికి పోదము” అంటిని. ఆమెకు కొంచెము కోపమువచ్చినది గాని వెంట వచ్చిరి. స్కానింగులో గడ్డ కనబడినది. మందులతో గుణమై యింటికి వచ్చిరి.

ఆ దినమున నాచేత పుస్తకము లేదు. మన చేతులక్రింద నొక మనిషి పండుకొనియున్నపుడు పుట తిరుగవేయుటకు వ్యవధి యుండదు. కావున సోదరీమణులారా, నేటి రాత్రి మీ పుస్తకమును ఒక్క ప్రకరణము చదివి మూయుడు. మూసిన పిమ్మట మీయొద్ద నేమి మిగిలినదో చూచుకొనుడు.