రెండు తెరల లెక్క

ఈ రోజులలో చాలా ఆఫీసులలో ఒక్కొక్క గుమాస్తా ఎదుట రెండేసి తెరలు కనిపిస్తున్నవి. ఒకదానిమీద ఖాతా, రెండవదానిమీద బిల్లు పెట్టుకొని సరిచూచుకోవచ్చును. సదుపాయమే! కాని రెండవ తెర తీసివేసిన నాడు చిక్కు వచ్చిపడుతుంది. ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది. దాని విండో మాత్రం ఎక్కడా కనబడదు. నెలాఖరున జీతాల పట్టీ అందులో చిక్కుకుంటే, మాట పడేది గుమాస్తాయే. నిజానికి లోపం ప్రోగ్రాము వ్రాసిన తీరులో ఉన్నది.

కట్టుబడి పనులకు వచ్చిన తెలుగు కామాఠీల పేరుమీద వెలసిన కామాఠీపురాలో ఈ సంగతి బోధపడటం కష్టం కాదు. మేస్త్రీ ముందు ఒక మూలను ఖాయపరచుకొని, అక్కడినుండి కొలతలు వేస్తాడు గదా! విండోస్‌లోనూ అంతే. ముఖ్యమైన తెరకు ఎడమవైపు పై మూల సున్న. ఆ తెర వెడల్పు 1920 చుక్కలైతే, కుడిప్రక్కన ఆనుకొన్న తెర 1920 వద్ద మొదలవుతుంది. అంతే వెడల్పు తెర ఎడమప్రక్కన ఉంటే మైనస్ 1920 వద్ద మొదలు. కనుక సున్నకు తక్కువైనంత మాత్రాన అది తప్పు లెక్క కాదు.

విండో మూసేటప్పుడు చాలా ప్రోగ్రాములు దాని చోటు వ్రాసిపెట్టుకొంటవి. మరునాడు ఆ తెర ఉన్నదో లేదో విచారించని ప్రోగ్రాము విండోను అక్కడికే పంపుతుంది. పడగొట్టిన చాల్ చిరునామాకు ఉత్తరం వేసినట్లు!

విచారించే ఉపాయం లేకపోలేదు. 1998లో విండోస్ 98 వచ్చినప్పటినుండి ఇందుకు ఫంక్షన్లు ఉన్నవి. ఎన్యూమ్‌డిస్‌ప్లేమానిటర్స్ ఉన్న తెరలన్నిటినీ వరుసగా తెలుపుతుంది. మానిటర్‌ఫ్రమ్‌రెక్ట్‌కు పాత చోటు చెప్పి అడిగితే, దానికి అన్నిటికన్న దగ్గరి తెరను చూపుతుంది. గెట్‌మానిటర్‌ఇన్ఫో ఆ తెర కొలతలనూ, టాస్క్‌బారు పోగా మిగిలిన జాగానూ చెబుతుంది. విండోను ఆ జాగాలో ఇమిడేటట్లు జరిపితే సరి.

గుమాస్తాలకూ ఒక చిట్కా ఉన్నది. టాస్క్‌బారులో ఆ ప్రోగ్రామును ఎంచుకొని, ఆల్ట్ మీట పట్టి స్పేస్ మీట, పిమ్మట ఎమ్ నొక్కాలి. ఒక బాణపు మీట తట్టి మౌసు కదిపితే, తప్పిపోయిన విండో దానివెంట వస్తుంది.

మన చాళ్ళలో ప్రోగ్రాములు నేర్చుకొంటున్న పిల్లలకు ఒక్క మాట. మీరు వ్రాసినది పరులకు ఇచ్చేముందు రెండవ తెరను ఎడమన పెట్టి చూడండి, కుడిన పెట్టి చూడండి, పూర్తిగా తీసివేసి చూడండి. పది నిమిషాల పని. దానివల్ల ఎక్కడో ఒక గుమాస్తా వేళకు ఇల్లు చేరుతాడు.