బుట్టలోని నాగుపాము

కార్తీక శుద్ధ చవితినాడు మా ఊళ్ళో పుట్టలో పాలు పోయని ఇల్లుండదు. పుట్ట దాకా నడవలేని ముసలివాళ్ళ కోసం పాములవాడు బుట్ట తీసుకుని గుమ్మంలోకే వస్తాడు. నిరుడు అలా వచ్చినవాడు, పక్క ఊళ్ళో అటవీశాఖవాళ్ళు తనిఖీ చేస్తున్నారని విని, మా మోటారు షెడ్డులో బుట్ట వదిలేసి చేలకు అడ్డంపడి పోయాడు. జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి గదా, ఏదైనా శాస్త్రీయ విషయం రాయమని సంచిక సంపాదకులు అడిగారు. తరగతిలో కంటే ఆ బుట్ట దగ్గర నేను నేర్చుకున్నదే ఎక్కువ కాబట్టి దాన్ని గురించే రాస్తున్నాను.

"చంపి పారేయండి" అన్నాడు నాన్న. ఆయన్ని తప్పుపట్టలేను. మా చిన్నాన్న వరి కోస్తూ నాగుపాము కాటు తిని, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు పోయినవాళ్ళు సుమారు 12 లక్షలమంది, అంటే ఏడాదికి సగటున 58 వేలమంది అని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాళ్ళలో ఎక్కువమంది మావంటి పల్లెటూరివాళ్ళే. నాయనమ్మ మాత్రం "చవితినాడు ఇంటికొచ్చిన నాగేంద్రుణ్ణి చంపుతార్రా?" అని బుట్టకు అడ్డం నిలబడింది. నేనేమో, కోరలు పీకిన పామే గదా, పెంచుకుంటే పోలేదా అనుకున్నాను.

ఆ ఆలోచనలో రెండు తప్పులున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును ఇంట్లో ఉంచుకోవడం నేరం. పెంచుకుంటాననే మంచివాడికీ, ఆడించుకునేవాడికీ చట్టంలో తేడా లేదు. (ముచ్చట తీరాలంటే హైదరాబాదు, విశాఖపట్నం జంతు ప్రదర్శనశాలల్లో దత్తత పథకాలున్నాయి. మేత ఖర్చు మనం కడతాం, జంతువు అక్కడే ఉంటుంది.) రెండో తప్పు ప్రాణాల మీదికి వచ్చేది. పాము కోర మన పన్నులాగా పోతే పోయేది కాదు. ప్రతి కోర వెనకా దాని స్థానంలోకి రావలసిన కోరలు వరసగా సిద్ధంగా ఉంటాయి. ఒకటి విరిగితే కొన్ని వారాల్లో మరొకటి ముందుకొస్తుంది. విషగ్రంథి చెక్కుచెదరకుండా ఉంటే విషమూ వస్తుంది. పాములవాడు మళ్ళీ మళ్ళీ కోరలు విరిచేది అందుకే. ఇదంతా నాకు తెలిసేలోపల మా తమ్ముడు దాన్ని రెండుసార్లు చేత్తో నిమిరాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

బుట్ట మూత తీస్తే పడగెత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. "మెత్తని పాము" అంది నాయనమ్మ. అది మెత్తదనం కాదు, నీరసం. నాలుగడుగుల పాము. వెన్నెముక తేలి, చర్మం ముడతలు పడి ఉంది. తల మీద పసుపూ కుంకుమా అట్టకట్టాయి. పెదవి పక్క వాచి పసుపురంగు చీము కనిపిస్తోంది. కళ్ళు రెండూ మసకగా, పొరలు కమ్మినట్టు ఉన్నాయి.

నాయనమ్మ గిన్నెలో పాలు పెట్టబోయింది. ఆపాను. ఆపినందుకు ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాముకు పాలు అరగవు. మరి చవితినాడు పాలు తాగడం కళ్ళారా చూస్తాం గదా అంటారు. పండగకు ముందు చాలా రోజులు దాన్ని నీళ్ళు లేకుండా ఎండగడతారు. అప్పుడు పాలు కాదు గదా, ఏ ద్రవం ఎదురుగా పెట్టినా తాగుతుంది. మూతి పట్టుకుని పోసినప్పుడు పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చే పాములు కూడా ఉన్నాయి. నేను బుట్టలోకి కర్రతో ఒక మూకుడు జరిపి నీళ్ళు పోశాను. అది తల దించి చాలాసేపు తాగింది. తలుపు సందులోంచి నాయనమ్మ చూసింది. ఏమీ అనలేదు.

కబురు పెట్టిన మూడోనాటికి గాని అటవీశాఖ జీపు రాలేదు. పామును తీసుకుపోయిన సంరక్షణ కేంద్రం మా కాలేజీ నుంచి బస్సులో గంట ప్రయాణం. అనుమతి తీసుకుని దాదాపు ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. అక్కడ పాముల్ని చూసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు తూకం వేశాడు. 380 గ్రాములు.

చిక్కిన పశువుకు ముందు మేత వేస్తాం. పాము విషయంలో అది పనికిరాదు. ఒంట్లో నీరు లేని పాము ఎలుకను మింగితే అరగక కక్కేస్తుంది, ఉన్న కాస్త సత్తువా దానితోనే పోతుంది. అందుకని మొదటి వారమంతా నీళ్ళే. గోరువెచ్చని నీళ్ళు లోతు తక్కువగా పోసిన తొట్టిలో రోజూ కాసేపు ఉంచేవారు. పాముకు కనురెప్పలుండవు, కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసంతోపాటు అదీ ఊడాలి. ఒంట్లో తడి లేకపోతే ఊడక పాతది అలాగే నిలిచిపోతుంది. మన పాము కళ్ళు మసకబారింది ఇందువల్లనే. నేను గోటితో తీద్దామా అన్నాను. "కన్ను కూడా వస్తుంది బాబూ" అన్నాడు పెద్దాయన. తడిగోనె వేసి వదిలేశారు. కుబుసం తనంతట తానే దిగింది.

నోటి పుండుకు పశువుల డాక్టరుగారు మందు ఇంజెక్షన్ ఇచ్చారు. పాముకు సూది ఒంటి ముందు సగంలోనే వేస్తారట. వెనక భాగంలోని రక్తం ముందుగా మూత్రపిండాల గుండా పోయే ఏర్పాటు ఉండడంవల్ల, అక్కడ వేస్తే మందు పనిచేయకముందే బయటికి పోవచ్చు, లేదా మూత్రపిండాలకు చేటు చేయవచ్చు. మా పాఠ్యపుస్తకంలో సరీసృపాల రక్తప్రసరణ పటం వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, దాని ఉపయోగం అప్పుడు గాని తెలియలేదు.

పెట్టెలో ఒక చివర తీగెవల వెనక బల్బు పెట్టి వెచ్చగా, రెండో చివర చల్లగా ఉంచారు. పాము తన వేడిని తాను పుట్టించుకోలేదు. వెచ్చదనం చాలకపోతే తిన్నది కడుపులోనే కుళ్ళిపోతుంది. ఎంత వేడి కావాలో దానికే తెలుసు కనుక అటూ ఇటూ పోయే వీలివ్వాలి. దాక్కోవడానికి బోర్లించిన కుండ. ఇక మిగిలింది జోలికి పోకుండా ఉండడం, అదే అన్నిటికంటే కష్టమైన పని. నాకు ప్రతిసారీ కుండ ఎత్తి చూడాలనిపించేది.

రెండో వారంలో చచ్చిన చిట్టెలుక ఒకటి పెడితే ముట్టలేదు. మూడోవారం తెల్లవారేసరికి అది మాయమైంది. ఆ ఆదివారమే, నేను పెట్టె దగ్గరికి వెళ్ళగానే బుస్సుమని పడగ విప్పింది. నేను రెండడుగులు వెనక్కు వేశాను. పెద్దాయన నవ్వాడు. "ఇప్పుడు పామైంది" అన్నాడు. పడగ కోపమో నాట్యమో కాదు, భయపడినప్పుడు చేసే హెచ్చరిక. నాగస్వరానికి ఊగడం కూడా పాట విని కాదు, కళ్ళముందు కదిలే బూరను కనిపెట్టి చూస్తుందంతే. ఎన్ని నెలలుగానో మూత తీసిన ప్రతిసారీ బెదిరి, చివరికి బెదరడానికి కూడా ఓపిక లేకుండా అయిన పాము అది.

నెలన్నరకు కొత్త కోరలు కనిపించాయి. అప్పుడు నాకు నాన్న మాట గుర్తొచ్చింది. కోరలు వచ్చేదాకా పోషించి చేలమీదికి వదలడమేనా మేము చేస్తున్నది? పెద్దాయనను అడిగేశాను. ఆయన చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళవారి సహకార సంఘం గురించి చెప్పాడు. తాతల నాటినుంచి పాములు పట్టి బతికినవాళ్ళు 1978లో పెట్టుకున్న సంఘం అది. పాముల్ని కొన్ని వారాలు మట్టికుండల్లో ఉంచి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతారు. పాముకాటు మందుకు కావలసిన విషంలో పెద్ద భాగం వాళ్ళదే. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంనుంచి మందు తయారు చేస్తారు. చిన్నాన్నకు ఎక్కించిన మందు ఈ జాతిదే. సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నకు ఈ సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. "సరే, మన చేల దగ్గర మాత్రం వదలమాకండి" అన్నాడు. న్యాయమైన మాటే.

పాములవాడి సంగతి కూడా ఆలోచించాను. మందలించి బుట్ట లాక్కున్నంత మాత్రాన అతని పొయ్యిలో పిల్లి లేవదు. పట్టే నేర్పు ఉన్నవాడికి ఇరుళవారికి దొరికినట్టు ఒక దారి మనవైపు కూడా దొరికితే ఆ బుట్ట మళ్ళీ అల్లేవాడు కాదేమో.

మూడు నెలలకు తూకం 560 గ్రాములు. ఊళ్ళకు దూరంగా, వాగు పక్కన చిట్టడవి అంచున వదలాలని నిర్ణయించారు. పొద్దు వాలేవేళ రమ్మన్నారు. నాన్న మోటారుసైకిలు తీశాడు. దారిపొడుగునా ఏమీ మాట్లాడలేదు. సంచి మూతి విప్పి నేలమీద పెట్టి మేమందరం దూరంగా జరిగాం. చాలాసేపు ఏమీ కదలలేదు. తరవాత తల బయటికి పెట్టి, నాలుక ఆడించి, పడగైనా విప్పకుండా బోదగడ్డిలోకి జారిపోయింది. నాన్న టార్చి వేసి గడ్డి కదలడం ఆగేదాకా చూసి, "పద, నాయనమ్మ ఎదురుచూస్తుంటుంది" అన్నాడు.