కీళ్లవాతానికి ఫోను ఎంతవరకు తోడు?

ఫజర్ వేళ లేచేసరికి చేతివేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పడదు. వుజూకు కుళాయి తిప్పడమే కష్టం. అరగంట, గంట దాటితే గాని వేళ్లు సడలవు. రెండు చేతుల చిన్న కీళ్లలో వాపుతో ఇలా వారాల తరబడి ఉంటే, వయసు నొప్పి అని సరిపెట్టుకోకూడదు. అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే కీళ్ల లోపలి పొరపై దాడి చేయడం దీని తీరు. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే కీళ్లు వంకర పోకుండా చాలావరకు ఆపవచ్చు.

ఈ జబ్బు చూసే రుమటాలజిస్టులు ఎక్కువగా పట్నంలోనే ఉంటారు. పంజాగుట్ట నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. షాబాద్ నుంచి వెళ్లిరావాలంటే రోగి కూలి, తోడు వెళ్లినవారి కూలి రెండూ పోతాయి. రెండుసార్లు వెళ్లి మూడోసారి మానేస్తారు. జబ్బు ముదిరేది అక్కడే.

ఈ దూరాన్ని సాంకేతికత కొంత తగ్గించగలదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో దూరవైద్యం మొదలైంది. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ 2019లో వచ్చింది. 2020 నుంచి ఇంట్లో ఉండే ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు. 14 అంకెల ఆభా నంబరు ఉంటే, దానికి జోడించిన రిపోర్టులను ఏ డాక్టరుకైనా ఫోనులో చూపవచ్చు. పొద్దుటి బిగుసు, నొప్పి రోజూ రాసిపెట్టే యాప్‌లు, చేతుల ఎక్స్‌రే చదివే కంప్యూటర్లు కూడా వస్తున్నాయి.

అయితే వాచిన కీలును నొక్కి చూడవలసింది డాక్టరు చెయ్యే. మొదటి పరీక్ష ఎదుటే జరగాలి. తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ వారం రోజును గుర్తుచేసే ఫోను అలారం చిన్నదే గాని, ప్రాణం కాపాడుతుంది. ఈ మాత్ర వాడేవారికి రక్తకణాలు, కాలేయం పరీక్షలు తప్పనిసరి. ఇవి యాప్‌తో జరిగే పనులు కావు.

దాతలు గమనించవలసింది ఇదే. ఒక్కరోజు వైద్య శిబిరం ఈ జబ్బుకు చాలదు. ఏళ్ల తరబడి చేయూత కావాలి. పేద రోగికి మొదటి ప్రయాణ ఖర్చు, క్రమం తప్పని రక్త పరీక్షలు, ఫోను వాడడం రాని అమ్మలకు పక్కన కూర్చుని సాయపడే చదువుకున్న ఆడపిల్ల: ఈ మూడూ సమకూరిస్తే మీ జకాత్, సదఖా సొమ్ము ఒక ఇల్లాలి చేతులను నిలబెడుతుంది. ఆ చేతుల మీదే ఆ ఇల్లు నడుస్తుంది.